ప్రత్యర్థి లేని పందెం

ఆ ఛాయాచిత్రాన్ని చూసినవారు మొదట నవ్వుతారు, మరుక్షణం ఉలిక్కిపడతారు. నల్లని మోటారు సైకిలు మీద ఒక మనిషి బోర్లా పడుకుని ఉన్నాడు. బండికి సీటు లేదు. పొట్ట వెనుక మడ్‌గార్డుకు ఆనుకుని ఉంది. కాళ్ళు రెండూ వెనుక చక్రాన్ని దాటి గాలిలోకి బారజాచి ఉన్నాయి. ఒంటిమీద ఈతలాగు, తలకు స్నానాల గదిలో పెట్టుకునే టోపీ, పాదాలకు అరువు తెచ్చుకున్న బూట్లు. అంతే, మరో ఆచ్ఛాదన లేదు. చుట్టూ కనుచూపు మేర తెల్లని నేల. ఆ క్షణాన ఆయన గంటకు 240 కిలోమీటర్లకు పైబడిన వేగంతో దూసుకుపోతున్నాడు.

ఆయన పేరు రోలీ ఫ్రీ. అది 1948 సెప్టెంబరు 13వ తేదీ. బ్రిటిష్ తయారీ విన్సెంట్ మోటారు సైకిలు మీద గంటకు 150 మైళ్ళు దాటాలన్నది ఆయన పట్టుదల. తోలు దుస్తులు తొడుక్కుని చేసిన పరుగులో 147 మైళ్ళు వచ్చింది. గాలి ఒత్తిడికి ఆ దుస్తులు చిరిగి రెపరెపలాడాయి. తక్కువైన మూడు మైళ్ళను మింగేసినవి ఆ రెపరెపలే అనుకున్నాడాయన. దుస్తులు విప్పేశాడు. మళ్ళీ పరుగెత్తాడు. గడియారాలు 150.313 మైళ్ళు చూపాయి.

ఉన్మాదం అనిపించవచ్చు. కాని ఆ ఉన్మాదం వెనుక శుద్ధమైన లెక్క ఒకటి ఉంది. గాలి కంటికి కనపడదు గనుక దాని అడ్డగింపు ఎంతటిదో నడిచేవాడికి తెలియదు; సైకిలు తొక్కేవాడికి కొంత తెలుస్తుంది. వేగం రెండింతలైతే గాలి అడ్డగింపు నాలుగింతలవుతుంది. ఆ అడ్డగింపును తోసుకుపోవడానికి కావలసిన ఇంజన్ శక్తి ఏకంగా ఎనిమిదింతలవుతుంది. వంద మైళ్ళు పోయే బండిని రెండు వందల మైళ్ళు పోయేలా చేయాలంటే రెండు ఇంజన్లు బిగిస్తే చాలదన్నమాట. ఇంజన్‌కు బలం పెంచడం ఒక దారి, గాలికి దొరక్కుండా జారిపోవడం ఇంకొక దారి. రోలీ ఫ్రీ ఆ రోజు వదిలించుకున్నది బట్టలను కాదు, గాలిని.

ఇదంతా జరిగిన చోటు అమెరికాలోని యూటా రాష్ట్రంలో, నెవాడా సరిహద్దున వెండోవర్ అనే చిన్న ఊరి పక్కన ఉంది. పేరు బోన్‌విల్ ఉప్పు మైదానం. మంచుయుగంలో అక్కడ ఒక మహా సరస్సు ఉండేది. అది ఎండి కుంచించుకుపోగా మిగిలిన నీరే నేటి గ్రేట్ సాల్ట్ లేక్. అడుగున పేరుకున్న ఉప్పే ఈ మైదానం. మన రాన్ ఆఫ్ కచ్ చూసినవారికి ఆ తెలుపు ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. కచ్‌లో వానాకాలం నీళ్ళు నిలిచి చలికాలానికి ఉప్పు తేలుతుంది. బోన్‌విల్‌లో చలికాలం నీళ్ళు నిలిచి వేసవికి ఎండుతాయి. పలుచని ఆ నీటి పొర మీద గాలి అటూ ఇటూ వీచి, ఆరుతున్న ఉప్పును తాపీమేస్త్రీ గచ్చు నునుపు చేసినట్టు చదును చేస్తుంది. 1846లో పడమటి తీరానికి వలసపోతున్న డోనర్ బృందం వారి ఎడ్లబళ్ళు ఈ ప్రాంతంలోనే ఉప్పు కింది బురదలో కూరుకుపోయాయి. దాదాపు తొంభై ఏళ్ళ తరువాత, 1935లో, అదే మైదానం మీద సర్ మాల్కమ్ కాంబెల్ తన కారును గంటకు 301 మైళ్ళ వేగంతో నడిపి, 300 మైళ్ళ హద్దు దాటిన తొలి మనిషి అయ్యాడు.

కాంబెల్ వంటి వారి వెనుక ధనమూ, కర్మాగారాలూ ఉన్నాయి. ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పదలచింది వారి సంగతి కాదు. 1937లో దక్షిణ కాలిఫోర్నియాలో కొందరు కుర్రవాళ్ళు పాత ఫోర్డు కార్లను విప్పి బిగించి, ఎండిన చెరువుల మీద పందేలు ఆడుకుంటూ, న్యాయంగా కాలం లెక్కించడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అన్నది దాని పేరు. 1949 ఆగస్టులో ఆ సంఘం మొదటిసారి బోన్‌విల్ ఉప్పు మీదికి వచ్చింది. ప్రకృతి కరుణించిన ప్రతి ఆగస్టులోనూ అక్కడ వేగ వారోత్సవం జరుగుతూ వస్తున్నది. రికార్డు సాధించినవారికి నగదు బహుమతి లేదు. గంటకు 200 మైళ్ళు దాటి రికార్డు నెలకొల్పినవారికి దక్కే ఎర్రటోపీని మాత్రం ప్రాణప్రదంగా చూసుకుంటారు.

ఈ పందెంలో పక్కన పరుగెత్తే ప్రత్యర్థి ఉండడు. ఒక్కొక్క బండి ఒంటరిగా పోతుంది. పోటీ మనిషితో కాదు, పుస్తకంలో అచ్చయి ఉన్న అంకెతో. ఆ పుస్తకంలో వందలాది తరగతులు. ఇంజన్ పరిమాణం ఎంత, చట్రం కర్మాగారంలో చేసినదా ఇంట్లో చేసుకున్నదా, గాలికి తొడుగు ఉన్నదా లేదా, పోసేది మామూలు పెట్రోలా మరో ఇంధనమా, వీటిని బట్టి తరగతులు మారిపోతాయి. 50 సి.సి. ఇంజన్‌కూ అందులో చోటుంది. అమ్మాయి చేతిలోని కుట్టుమిషను చప్పుడు చేసే చిన్న బండి, ఉరుము వంటి గర్జనతో వచ్చిన పెద్ద బండి వెనుక అదే వరుసలో నిలబడి తన వంతు కోసం ఎదురుచూస్తుంది. డీజిల్ లారీలు వస్తాయి. విద్యుత్తుతో నడిచే మోటారు సైకిళ్ళు వస్తాయి. పక్కతొట్టి కట్టిన మూడు చక్రాల బళ్ళూ వస్తాయి.

రికార్డు ఒక్క పరుగుతో రాదు. పాత అంకెను దాటినవాడు మొదట అర్హత మాత్రమే పొందుతాడు. వెంటనే బండిని ఒక ఆవరణలోకి తోలుకుపోయి అప్పగించాలి. మన పల్లెల్లో పరాయి చేలో పడ్డ పశువును కట్టేసే బందెలదొడ్డి గుర్తుకు వస్తుంది దాన్ని చూస్తే. అక్కడ నాలుగు గంటలసేపు మరమ్మతు చేసుకోనిస్తారు. మరునాటి ఉదయం మళ్ళీ పరుగు. రెండు పరుగుల సగటే లెక్క. అంతర్జాతీయ రికార్డు కావాలంటే నిబంధన ఇంకా కఠినం: మోటారు సైకిలు ఒక దిక్కుగా పోయి, రెండు గంటలలోగా ఎదురు దిక్కుగా తిరిగి రావాలి. గాలివాటు ఒక వైపు తోడ్పడితే మరొక వైపు అడ్డుపడి లెక్క సరిపోతుంది. కొలిచే మైలుకు ముందు వేగం పుంజుకోవడానికి కొన్ని మైళ్ళ నేల ఇస్తారు. ఆ కొలిచే మైలును ఇంగ్లీషులో పిలిచే మాటను మక్కికి మక్కి తర్జుమా చేస్తే 'ఎగిరే మైలు' అవుతుంది. అనువాదకుడిగా ఆ మాటను మార్చవలసిన అవసరం నాకు కనపడలేదు.

ఇబ్బంది పెట్టిన మాట మరొకటి ఉంది. గాలిని చీల్చుకుపోయేలా చక్రాలతో సహా ఒళ్ళంతా తొడుగు వేసిన బండిని స్ట్రీమ్‌లైనర్ అంటారు. నిఘంటువు 'ప్రవాహరేఖాకృతి వాహనం' అనమంటుంది. ఆ మాట పలికి ముగించేలోగా బండి మైలు దాటిపోతుంది! కనుక స్ట్రీమ్‌లైనర్ అనే అందాం. రూపంలో అది రాకాసి చేప. లోపలి చోదకుడు వాహనం మీద కూర్చోడు. దాని కడుపులో వెల్లకిలా పడుకుంటాడు. రెండు చక్రాల బండే అయినా కాలు కింద పెట్టడానికి వీలులేదు గనుక, ఆగేటప్పుడు పక్కకు ఒరగకుండా చిన్న ఊతకాళ్ళు కిందికి దిగుతాయి. ఆపడానికి బ్రేకులు చాలవు. వెనుక నుంచి పారాచూట్ విచ్చుకోవాలి.

ఈ ఆకారాలు ఎక్కడి నుంచి వచ్చాయో వింటే ముచ్చట వేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ దీవులలో పనిచేసిన బిల్ బర్క్ అనే కాలిఫోర్నియా యువకుడు, యుద్ధ విమానాల పొట్ట కింద వేలాడదీసే అదనపు పెట్రోలు తొట్లను ఓడల నుంచి దించుతుండగా చూశాడు. కన్నీటి బొట్టు ఆకారం. గాలి దాని ఒంటిమీద నుంచి జారిపోవడానికే పుట్టినట్టుంది. యుద్ధం ముగిశాక 1946లో మిగులు సామాను అంగడిలో ఆ తొట్టి ఒకటి కొని, అందులో ఇంజన్ బిగించి, చక్రాలు తగిలించాడు. విమానాన్ని యుద్ధానికి తీసుకుపోయిన తొట్టి ఇలా పందెపు బండి అయింది. అటువంటి వాటికి 'లేక్‌స్టర్' అని పేరు స్థిరపడి, పుస్తకంలో ప్రత్యేక తరగతి ఏర్పడింది.

1956లో జర్మనీ నుంచి ఎన్.ఎస్.యు. సంస్థ తెచ్చిన బళ్ళలో ఒకటి ఇంతకంటే వింతైనది. గుస్తావ్ బామ్ అనే చిత్రకారుడి ఊహ అది. చోదకుడు కాళ్ళు ముందుకు చాచి, మడత కుర్చీలో వాలినట్టు పడుకుంటాడు. దానికి 'ఎగిరే ఊయల' అని పేరు పెట్టారు. కేవలం 125 సి.సి. ఇంజన్‌తో అది గంటకు 240 కిలోమీటర్లు దాటింది. ఎనిమిదేళ్ళ కిందట రోలీ ఫ్రీ బట్టలు విప్పి, దానికి ఎనిమిదింతల పెద్ద ఇంజన్‌తో సాధించిన వేగం ఇంచుమించు అదే. బామ్ ఆ దృశ్యం చూడలేదు. అంతకు ముందటి ఏడాది తన ఊయలనే పరీక్షిస్తూ జర్మనీలో ప్రాణం పోగొట్టుకున్నాడు. అదే 1956లో, అదే ఉప్పు మీద, జానీ ఆలెన్ అనే టెక్సాస్ చోదకుడు ట్రయంఫ్ ఇంజన్ బిగించిన స్ట్రీమ్‌లైనర్‌ను గంటకు 214 మైళ్ళు పరుగెత్తించాడు. అంతర్జాతీయ సంఘం ఆ రికార్డును గుర్తించలేదు. ట్రయంఫ్ కంపెనీ మాత్రం తన కొత్త మోటారు సైకిలుకు 'బోన్‌విల్' అని పేరు పెట్టి 1959 నుంచి అమ్ముకుంది.

ఇక బర్ట్ మన్రో. ఈయన కథ కోసమే ఇంతదూరం వచ్చాం.

న్యూజిలాండ్ దక్షిణ కొసన ఇన్వర్‌కార్గిల్ అనే పట్టణం ఉంది. 1899లో ఆ ప్రాంతంలో పుట్టిన మన్రో 1920లో 'ఇండియన్ స్కౌట్' అనే మోటారు సైకిలు కొన్నాడు. ఆ పేరుకూ మన దేశానికీ సంబంధం లేదు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణపు కంపెనీ తమ దేశపు ఆదివాసులను తలచుకుని పెట్టుకున్న పేరది. 600 సి.సి. బండి. కొన్నప్పుడు అది గంటకు 55 మైళ్ళు పోగలిగేది. 1926లో మన్రో దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. ఆ విప్పడం, బిగించడం అర్ధశతాబ్ది పాటు సాగింది.

ఆయన వద్ద ధనం లేదు, కర్మాగారం లేదు. నివాసం షెడ్డులోనే, మంచం పక్కనే లేతు మిషను. పాత పిస్టన్లు కరగించి, తగరపు డబ్బాల్లో అచ్చుపోసి కొత్తవి పోసుకునేవాడు. పాత ఇనుప గొట్టాల నుంచి సిలిండర్లు తొలుచుకునేవాడు. బరువైన వాహనాల ఇరుసు ఉక్కును ఆకురాయితో రుద్ది రుద్ది కనెక్టింగ్ రాడ్లు చేసేవాడు. కవాటాలు పక్కనుండే పాత ఇంజన్‌ను, కవాటాలు పైనుండే ఇంజన్‌గా స్వయంగా మార్చేశాడు. పేలిపోయిన పిస్టన్లనూ, విరిగిన రాడ్లనూ పారేయక గోడకు అల్మరాలో వరుసగా పేర్చి, అవి వేగదేవుడికి నైవేద్యాలని పైన రాసి పెట్టుకున్నాడు. దేవుడి గూట్లో కొబ్బరిచిప్పలు మిగుల్చుకునే మనకు ఆ నైవేద్యంలోని భక్తీ, చమత్కారమూ రెండూ తెలుస్తాయి.

1962లో, అరవై మూడేళ్ళ వయసులో, ఆయన తన బండిని సముద్రం దాటించి బోన్‌విల్ చేర్చాడు. 883 సి.సి. తరగతిలో గంటకు 178.971 మైళ్ళ రికార్డు నెలకొల్పాడు. అంటే 288 కిలోమీటర్లు. మళ్ళీ మళ్ళీ వచ్చాడు. 1967లో ఇంజన్‌ను 950 సి.సి.కి పెంచి, 1000 సి.సి. తరగతిలో పరుగెత్తి 183.586 మైళ్ళ రికార్డు సాధించాడు. అర్హత పరుగులలో ఒకసారి 190 మైళ్ళు దాటాడు. అప్పటికి ఆయన వయసు అరవై ఎనిమిది; బండి వయసు నలభై ఏడు. 1978 జనవరిలో ఆయన కన్నుమూశాడు. 2005లో ఆంథొనీ హాప్‌కిన్స్ నటించిన 'ద వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్' చిత్రంతో ఈ కథ లోకమంతా పాకింది. సినిమా సహజంగానే కొన్ని అంకెలు పెంచింది. పెంచనక్కరలేదని నా అభిప్రాయం.

మన్రో వంటి వారికి చోటున్న చోటనే, అత్యంత వేగవంతమైన మోటారు సైకిలు ఏదన్న ప్రశ్నకూ జవాబు తేలుతుంది. 1990లో డేవ్ కాంపోస్ నెలకొల్పిన 322 మైళ్ళ రికార్డు పదహారేళ్ళు చెక్కుచెదరలేదు. 2006 సెప్టెంబరులో మూడు స్ట్రీమ్‌లైనర్లు ఒకే సమావేశానికి వచ్చాయి. 3వ తేదీన రాకీ రాబిన్సన్, సుజుకీ ఇంజన్లు రెండు బిగించిన 'ఆక్ ఎటాక్' మీద 342 మైళ్ళు దాటి పాత రికార్డును తుడిచేశాడు. రెండు రోజులు తిరగకుండానే క్రిస్ కార్ 350.884 మైళ్ళతో దాన్ని లాక్కున్నాడు. కాని ఆ సమావేశంలో అందరికంటే వేగంగా పోయినవాడు వీరిద్దరిలో ఎవరూ కాదు. శామ్ వీలర్ అనే పెద్దమనిషి, ఒకే ఒక కవాసాకీ ఇంజన్ ఉన్న తన సన్నని బండి మీద గంటకు 355 మైళ్ళు పోయాడు. ముందు చక్రం దెబ్బతినడంతో తిరుగు పరుగు చేయలేకపోయాడు. పోయినవాడు తిరిగి రాకపోతే పుస్తకంలో పేరు ఎక్కదు. ఆయన పేరు ఎక్కలేదు. పదేళ్ళ తరువాత, 2016 జూలైలో, డెబ్బై రెండేళ్ళ వీలర్ అదే ఉప్పు మీద తన స్ట్రీమ్‌లైనర్‌ను పరీక్షిస్తూ ప్రమాదానికి గురై మరణించాడు. నడుమ 2010 సెప్టెంబరు 25న రాబిన్సన్ రికార్డును 376.363 మైళ్ళకు, అంటే 605 కిలోమీటర్లకు పైకి చేర్చాడు. భూమి మీద రెండు చక్రాలతో!

ప్రమాదాన్ని వీరు దాచరు, గొప్పగా చెప్పుకోరు కూడా. ఉప్పు తారురోడ్డు వంటిది కాదు. పట్టు తక్కువ, చక్రం తిరిగినంతగా బండి ముందుకు పోదు. పక్కగాలి ఒక్క విసురు విసిరితే చాలు. లెస్లీ పోర్టర్‌ఫీల్డ్ అనే మహిళ 2007లో ఇక్కడ పడిపోయి పక్కటెముకలు విరగ్గొట్టుకుంది, ఊపిరితిత్తికి గాయమైంది. 2008లో తిరిగి వచ్చి 200 మైళ్ళకు మించిన రికార్డు నెలకొల్పింది. మామూలు మోటారు సైకిలు మీద కూర్చుని ఆ 200 మైళ్ళ బృందంలో చేరిన తొలి మహిళ ఆమె.

ఇప్పుడు ఈ బళ్ళన్నిటికీ ఒకే చిక్కు వచ్చింది. కాళ్ళ కింది నేల కరిగిపోతున్నది.

కొన్ని చోట్ల అడుగుల మందాన ఉండిన ఉప్పు గట్టు అంగుళాలకు పలచబడింది. ఒకప్పుడు పది మైళ్ళకు మించి పరచుకున్న పరుగుబాట కురచైంది. పెద్ద వాహనాలకు ఆ దూరం చాలదు. 1970లో గారీ గాబెలిచ్ 'బ్లూ ఫ్లేమ్' అనే రాకెట్ కారులో ఇక్కడే గంటకు 1,000 కిలోమీటర్లు దాటాడు. భూమి మీది అత్యధిక వేగం బోన్‌విల్‌లో నమోదు కావడం అదే చివరిసారి. 1983 నాటికి బ్రిటిష్ బృందం నెవాడాలోని బ్లాక్‌రాక్ ఎడారికి తరలిపోయింది. 1997లో ధ్వని వేగాన్ని మించిన కారు పరుగెత్తిందీ అక్కడే.

ఉప్పు ఎందుకు తరుగుతున్నదన్న విషయంలో వాదాలున్నాయి. ఈ ప్రాంతంలో ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళ నుంచి ఎరువులకు పనికివచ్చే పొటాష్ తీస్తున్నారు. కాలువలు తవ్వి, భూమిలోని ఉప్పునీటిని మళ్ళించి, చెరువుల్లో ఎండబెడతారు. పొటాష్ తీసుకోగా మామూలు ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. మైదానానికి తిరిగి రాదు. పందెగాళ్ళు వేలెత్తి చూపేది దీన్నే. వానలూ, ఎండలూ, భూగర్భ జలాల కదలికలూ, రహదారి కట్టలూ కూడా లెక్కలోకి వస్తాయనీ, ఒక్క కారణం మీదే నెట్టడం కుదరదనీ శాస్త్రజ్ఞులు అంటారు. 1997 నుంచి 2002 దాకా గని యాజమాన్యం ఉప్పునీటిని తిరిగి మైదానం మీదికి తోడి పోసింది. అంతకుముందు పోయిన దానితో పోలిస్తే ఆ దానం చిన్నదే. పొలానికి ఎరువు ఎక్కడో ఒకచోటి నుంచి రావాలన్నది కూడా నిజమే గనుక, రైతు దేశంలో పుట్టిన నాకు ఈ తగవులో తీర్పు చెప్పడం తేలిక కాదు. కాని తీసుకున్న ఉప్పులో పనికిరానిదాన్ని యథాస్థానంలో పోయడానికి అన్నేళ్ళు ఆగవలసిన పని లేదు.

2014లో వానలు ముంచెత్తి వేగ వారోత్సవం రద్దయింది. 2015లో బురద, చాలీచాలని ఉప్పు కలిసి మళ్ళీ రద్దు. 2016లో తిరిగి జరిగింది. 2018 ఆగస్టులో మన చెన్నై కంపెనీ రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి 650 సి.సి. కాంటినెంటల్ జీటీ ఆ ఉప్పు మీదికి చేరింది. పద్దెనిమిదేళ్ళ అమెరికన్ యువతి దాన్ని గంటకు 157 మైళ్ళు, అంటే 252 కిలోమీటర్ల వేగంతో నడిపింది. మన వీధుల్లో నింపాదిగా డుగుడుగుమనే ఎన్‌ఫీల్డ్‌కూ ఆ పుస్తకంలో వెతుక్కుంటే ఒక తరగతి ఉన్నది. 2022లో మళ్ళీ నీళ్ళు నిలిచాయి, మళ్ళీ రద్దయింది.

పందెం జరగని ఆ 2014లోనే ఒక రికార్డు మారింది. బర్ట్ మన్రో కుమారుడు తండ్రి పాత లెక్కలు చూస్తూ, 1967 నాటి రెండు పరుగుల సగటు కట్టడంలో పొరపాటు జరిగిందని గమనించాడు. అమెరికన్ మోటారు సైకిల్ సంఘానికి తెలియజేశాడు. వారు లెక్క మళ్ళీ వేసి చూశారు. నిజమే. 183.586 అని ఉన్నచోట 184.087 అని దిద్దారు. అర మైలు తేడా. మన్రో పోయి అప్పటికి ముప్ఫై ఆరేళ్ళు. బండి ఇన్వర్‌కార్గిల్‌లోని ఒక ఇనుప సామాన్ల దుకాణంలో, సుత్తులూ మరమేకుల నడుమ నిలబడి ఉన్నది.